ఆన్‌లైన్ కోర్సు తయారుచేయడం ఎలా: చివరి పని నుంచి మొదటి పాఠం దాకా

చేతిలో ఉన్న స్లైడ్లకు గొంతు జోడించి, చివర పది ప్రశ్నల క్విజ్ పెట్టి, ఎల్‌ఎమ్‌ఎస్‌లో (ఆన్‌లైన్ కోర్సులు నడిపే సాఫ్ట్‌వేర్‌లో) ఎక్కించేస్తే ఆన్‌లైన్ కోర్సు అయిపోయినట్టే అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. అలాంటి కోర్సు పూర్తిచేసినవాళ్లకు సర్టిఫికెట్ వస్తుంది గానీ పని రాదు. అలాగని టీచర్‌కి విషయం తెలియదనో, వీడియో బాగా రాలేదనో చెప్పలేం. చాలాసార్లు తప్పు తయారీ వరుసలోనే ఉంటుంది. మన దగ్గర చెప్పడానికి ఏముందో అక్కడ మొదలుపెడతాం, వాళ్లు చేయాల్సిన పని దగ్గరికి వచ్చేసరికి టైమూ ఓపికా రెండూ అయిపోతాయి.

ఈ గైడ్‌లో వరుసను తిప్పి నడుద్దాం. నేర్చుకునేవాళ్లు చివర్లో చేసి చూపించాల్సిన పనేంటో ముందు తేల్చుకోవాలి. తర్వాత ఆ పనికి పరీక్ష, ఆ పరీక్షకు సరిపడా ప్రాక్టీస్ తయారుచేయాలి. వీడియోలు, స్లైడ్లు అన్నిటికంటే ఆఖర్న. 1998లో గ్రాంట్ విగ్గిన్స్, జే మెక్‌టై ‘బ్యాక్‌వర్డ్ డిజైన్’ అనే పేరుతో ప్రచారంలోకి తెచ్చిన ఆలోచన ఇదే. ఈ రంగంలో ఎక్కువగా వినిపించే ఆడీ నమూనా కూడా (విశ్లేషణ, డిజైన్, తయారీ, అమలు, మూల్యాంకనం) తయారీని మూడో మెట్టు మీదే పెట్టింది. దాని మూలం 1975లో అమెరికా సైన్యం కోసం ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీ చేసిన పనిలో ఉంది.

ఉదాహరణ లేకుండా చెబితే ఇవన్నీ గాల్లో మాటల్లా ఉంటాయి. కాబట్టి మొదటినుంచి చివరిదాకా ఒకే చిన్న కోర్సును పట్టుకుందాం. ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లకు ఎక్సెల్‌లో వీలుకప్ నేర్పాలి. అంటే ఒక షీట్‌లో ఉన్న ప్రోడక్ట్ కోడ్‌ని బట్టి, ఇంకో షీట్ నుంచి దాని ధరను తెచ్చుకోవడం.

1. అసలు కోర్సు అవసరమా?

"మావాళ్లు షీట్లలో తప్పులు చేస్తున్నారు, ట్రైనింగ్ పెట్టండి" అని అడుగుతారు. ఒప్పుకునే ముందు శిక్షణ నిపుణులు రాబర్ట్ మేగర్, పీటర్ పైప్ అడిగిన ప్రశ్న వేసుకోండి: ప్రాణం మీదికి వస్తే వాళ్లు ఈ పని చేయగలరా? చేయగలరంటే వాళ్లకు పని వచ్చు, ఇబ్బంది ఇంకెక్కడో ఉంది. టైమ్ చాలకపోవచ్చు, రెండు విభాగాలు రెండు రకాల కోడ్‌లు వాడుతుండవచ్చు, తప్పు జరిగినా ఎవరూ పట్టించుకోకపోవచ్చు. వీటిలో ఏదీ కోర్సుతో బాగుపడదు. ఎప్పుడో ఒకసారి చేసే పనైతే ఒక పేజీ చెక్‌లిస్టు చాలు. ఈ మాట ధైర్యంగా చెప్పగలగడం డిజైనర్ పనిలో భాగమేనని నా నమ్మకం. అక్కర్లేని కోర్సు వందలమంది టైమ్ తినేస్తుంది.

2. చేసేవాళ్ల పక్కన కూర్చోండి

ఇద్దరి దగ్గరికి వెళ్లాలి. ఒకరు పని బాగా వచ్చినవాళ్లు, ఇంకొకరు ఇప్పుడిప్పుడే తంటాలు పడుతున్నవాళ్లు.

బాగా వచ్చినవాళ్లతో ఒక చిక్కుంది. చేతికి అలవాటైపోయిన మెట్లు వాళ్ల నోట రావు. వీలుకప్ ఎలా రాస్తారని అడిగితే "కోడ్ ఇవ్వాలి, టేబుల్ సెలెక్ట్ చేయాలి, కాలమ్ నంబర్, ఫాల్స్, అంతే" అంటారు. అదే పనిని వాళ్లు చేస్తుండగా చూడండి. టేబుల్ సెలెక్ట్ చేసిన మరుక్షణం వేలు ఎఫ్4 మీద పడుతుంది. "ఇప్పుడేం నొక్కారు?" అని అడిగితేనే తెలుస్తుంది, అది రేంజ్ (సెలెక్ట్ చేసిన సెల్స్) కదలకుండా డాలర్ గుర్తులు పెట్టే మీట అని. కొత్తవాళ్లు ఎక్కువగా బోల్తాపడేది సరిగ్గా అక్కడే. కాబట్టి నిపుణుల్ని చెప్పమనకండి, చేయమనండి. స్క్రీన్ రికార్డ్ చేసుకుని, ఆగిన ప్రతిచోటా ‘ఎందుకు’ అని అడగండి.

కొత్తవాళ్లను "మీకేం నేర్చుకోవాలనుంది?" అని అడిగితే పెద్దగా ఉపయోగం ఉండదు. పోయినసారి ఈ పని ఎప్పుడు చేశారు, ఎక్కడ ఆగిపోయారు, అప్పుడు ఎవర్ని అడిగారు, ఆ ఫైల్ చూపిస్తారా అని అడగండి. పాడైన ఫైళ్లు దొరికితే దాచుకోండి, తర్వాతి మెట్లలో అవే మీ పెట్టుబడి. పాఠం ఫోన్‌లో చూస్తారా, ల్యాప్‌టాప్‌లోనా, పని మధ్యలోనా, రాత్రి ఇంట్లోనా అన్నది కూడా ఇప్పుడే తెలుసుకోవాలి.

ఒక ప్రశ్న మాత్రం వదిలేయండి: "మీరు విజువల్ లెర్నరా, ఆడిటరీ లెర్నరా?" ఇలా మనుషుల్ని రకాలుగా విడదీసి, ఎవరి రకానికి తగ్గట్టు వాళ్లకు బోధిస్తే బాగా నేర్చుకుంటారన్న వాదనకు తగిన ఆధారం లేదని హెరాల్డ్ పాష్లర్ బృందం 2008లోనే తేల్చింది. బొమ్మ కావాలా, మాట కావాలా అన్నది నేర్పే విషయాన్ని బట్టి ఉంటుంది.

3. లక్ష్యాన్ని పనిగా రాయండి

"ఈ కోర్సు ద్వారా వీలుకప్‌పై అవగాహన కలుగుతుంది." ఈ వాక్యంతో మీరు ఏ పరీక్షా తయారుచేయలేరు. అవగాహన కలిగిందో లేదో కంటికి కనిపించదు కదా.

మేగర్ 1962లో చెప్పిన మూడు భాగాలు ఇప్పటికీ పనికొస్తాయి: ఏ పరిస్థితిలో, ఏం చేస్తారు, ఎంత బాగా చేస్తే సరిపోతుంది. వాటితో రాస్తే ఇలా వస్తుంది:

"సార్ట్ చేయని 500 వరుసల ప్రోడక్ట్ లిస్టు, 60 వరుసల ఆర్డర్ షీట్ ఇస్తే, ప్రతి ఆర్డర్ పక్కన సరైన ధర తెస్తారు. ధర రాని వరుసలకు కారణం కనిపెట్టి సరిచేస్తారు. నోట్సు చూసుకోవచ్చు. తప్పు ధర ఒక్కటి కూడా మిగలకూడదు."

‘సార్ట్ చేయని’ అన్న చిన్న మాట ఊరికే రాలేదు. వీలుకప్‌లో నాలుగో విలువగా ఫాల్స్ (సరిగ్గా అదే కోడ్ కావాలని చెప్పే మాట) ఇవ్వకుండా వదిలేస్తే ఎక్సెల్ దగ్గరి పోలికను వెతుకుతుంది, లిస్టు వరుసగా సార్ట్ అయి ఉందనుకుంటుంది. సార్ట్ కాకపోతే ఎర్రర్ చూపించకుండానే తప్పు ధర తెచ్చి పెట్టగలదు. అసలు ప్రమాదం ఇదే కాబట్టి లక్ష్యంలోనే అది ఉండాలి. ‘నోట్సు చూసుకోవచ్చు’ అన్నామంటే ఫార్ములా బట్టీ పట్టించే పాఠాలన్నీ ఎగిరిపోతాయి.

1956లో బెంజమిన్ బ్లూమ్ బృందం ఇచ్చి, 2001లో సవరించిన ఆరు మెట్లు (గుర్తుంచుకోవడం, అర్థం చేసుకోవడం, అన్వయించడం, విశ్లేషించడం, మూల్యాంకనం చేయడం, సృష్టించడం) ఇక్కడ ఒక్క సందేహం తీర్చుకోవడానికి వాడండి: లక్ష్యం ఏ మెట్టు మీద ఉంది, పరీక్ష ఏ మెట్టు మీద ఉంది? లక్ష్యంలో విశ్లేషించడం అని రాసి, క్విజ్‌లో నిర్వచనం అడిగే కోర్సులు లెక్కలేనన్ని.

4. పాఠం కంటే ముందు పరీక్ష

లక్ష్యం సరిగ్గా రాస్తే పరీక్ష దాదాపు తయారైనట్టే. మన కోర్సుకు పరీక్ష ఒక ఫైల్. అందులో మీరు సేకరించిన నిజమైన తప్పుల్ని కావాలనే పెట్టండి: కొన్ని కోడ్‌ల చివర కనిపించని స్పేస్, కొన్నిచోట్ల నంబర్ బదులు టెక్స్ట్‌గా పడిన కోడ్, లిస్టులోనే లేని ఒక ప్రోడక్ట్. ధరలన్నీ తెచ్చి, సరిచేసినవాటికి పక్కన కారణం రాయమనండి.

వేలమంది చేరే కోర్సులో ఇలాంటి ఫైళ్లు దిద్దడం కుదరదు, మల్టిపుల్ చాయిస్ తప్పదు. అదేమీ తక్కువ రకం పరీక్ష కాదు, ప్రశ్న ఒక సందర్భంలోంచి పుట్టి, ప్రతి తప్పు జవాబూ మనుషులు నిజంగా చేసే పొరపాటు నుంచి వస్తే చాలు. చూడండి:

"ఫార్ములా రాసి కిందికి లాగారు. పై వరుసల్లో ధరలు సరిగ్గానే వచ్చాయి. కిందికి వెళ్లేకొద్దీ #ఎన్/ఏ (కోడ్ దొరకలేదు అనే) ఎర్రర్లు ఎక్కువవుతున్నాయి. ఆ కోడ్‌లన్నీ ప్రోడక్ట్ లిస్టులో ఉన్నాయని చూసుకున్నారు. మొదట ఏం పరిశీలిస్తారు?"

అ. కోడ్‌ల చివర స్పేస్ ఉందేమో
ఆ. టేబుల్ రేంజ్‌కి డాలర్ గుర్తులు ఉన్నాయో లేదో
ఇ. నాలుగో విలువ ఫాల్స్ అని ఉందో లేదో

మూడూ నిజంగా జరిగే తప్పులే. కానీ కిందికి వెళ్లేకొద్దీ పెరుగుతున్నాయన్న ఆనవాలు ‘ఆ’ వైపే చూపిస్తుంది. డాలర్ గుర్తులు లేకపోతే ఒక్కో వరుస దిగినప్పుడు రేంజ్ కూడా ఒక్కో వరుస దిగిపోతుంది, లిస్టు పైభాగం జారిపోతుంది. ఇక ఫీడ్‌బ్యాక్‌లో "తప్పు, మళ్లీ ప్రయత్నించండి" అని రాస్తే ఇంత కష్టమూ వృథా. ‘అ’ ఎంచుకున్నవాళ్లకు ఇలా రాయండి: "స్పేస్ వల్ల కూడా #ఎన్/ఏ వస్తుంది, నిజమే. అయితే అది ఏ వరుసలోనైనా రావచ్చు, కిందికి వెళ్లేకొద్దీ పెరగదు. 2వ వరుసలో, 40వ వరుసలో ఫార్ములా తెరిచి రేంజ్ పోల్చి చూడండి." ‘ఇ’ ఎంచుకున్నవాళ్లకు: "నాలుగో విలువ వదిలేస్తే ఎక్కువగా తప్పు ధరే వస్తుంది, అది ఎర్రర్‌లా కనిపించదు." మంచి ఫీడ్‌బ్యాక్ ఒక చిన్న పాఠమంత పని చేస్తుంది.

మూడే ఎంపికలేంటని అడుగుతారు. దాదాపు 80 ఏళ్ల పరిశోధనల్ని కలిపి చూసిన మైఖేల్ రోడ్రిగెజ్ 2005లో మూడు సరిపోతాయని తేల్చారు. నాలుగోదాని కోసం ఎవరూ ఎంచుకోని జవాబును కల్పించడం కంటే ఇంకో మంచి ప్రశ్న రాయడం మేలు. ఏఐ టూల్‌తో ప్రశ్నల చిత్తుప్రతి రాయించుకోవచ్చు. కానీ మీవాళ్లు ఏ తప్పు చేస్తున్నారో దానికి తెలియదు, అది మీ దగ్గరున్న పాడైన ఫైళ్లకే తెలుసు.

5. ప్రాక్టీస్ వరుస

కోర్సు గుండెకాయ ఇదే. మీ టైమ్‌లో సగం ఇక్కడ పెట్టండి.

ఒకేసారి మనసులో పట్టే కొత్త విషయాలు చాలా తక్కువ. 1956లో జార్జ్ మిల్లర్ ఏడుకు అటూఇటూ అన్నారు, 2001లో నెల్సన్ కోవన్ దాన్ని నాలుగు దాకా తగ్గించారు. జాన్ స్వెల్లర్ 1988 నుంచి చెబుతూ వచ్చిందేమిటంటే, కొత్తవాళ్లకు నేరుగా లెక్క ఇచ్చి చేసుకోమంటే ఆ కొద్దిపాటి చోటంతా వెతుకులాటకే సరిపోతుంది, నేర్చుకోవడానికి ఏమీ మిగలదు. అందుకే మొదట పూర్తిగా చేసిన ఉదాహరణ చూపించాలి. తర్వాత కొద్దికొద్దిగా చేయి వదలాలి.

వీలుకప్‌కి ఇలా: మొదటి ఫైల్‌లో ఫార్ములా రాసే ఉంటుంది, ప్రతి భాగం ఏ సెల్‌ని చూపిస్తోందో గుర్తుపట్టమంటారు. రెండో ఫైల్‌లో చివరి భాగం ఖాళీ, నింపాలి. మూడోదాంట్లో రెండు భాగాలు ఖాళీ. నాలుగోది వాళ్లే మొత్తం రాయాలి. ఐదోదాంట్లో ఎవరో రాసిన తప్పు ఫార్ములాను దిద్దాలి. అయితే ఇప్పటికే కొంత వచ్చినవాళ్లకు ఈ మెట్లన్నీ అడ్డమే. అనుభవం ఉన్నవాళ్లకు పూర్తి ఉదాహరణలు మేలు చేయకపోగా నేర్చుకోవడాన్ని తగ్గించవచ్చని స్లావా కల్యూగా, స్వెల్లర్ తదితరుల పరిశోధనల్లో తేలింది. కాబట్టి మొదట్లోనే ఒక చిన్న ఫైల్ ఇచ్చి, సరిగ్గా చేసినవాళ్లను నేరుగా ఐదో మెట్టుకు పంపండి.

తప్పుల రకాల్ని విడివిడిగా నేర్పాక కలగాపులగం చేయండి. "ఈ పాఠం స్పేస్ గురించి" అని హెడ్డింగ్ కనిపిస్తుంటే జవాబు ముందే తెలిసిపోతుంది, కనిపెట్టే అలవాటు రాదు.

ఇక మరపు. చదివింది మొదట్లో ఎంత వేగంగా మరిచిపోతామో హెర్మన్ ఎబింగ్‌హాస్ 1885లోనే లెక్కగట్టి చూపించారు. దానికి విరుగుడు మళ్లీ మళ్లీ చదవడమేనని అందరం అనుకుంటాం. హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ 2006లో చేసిన ప్రయోగం దీన్ని సూటిగా పరీక్షించింది. ఐదు నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ చదివినవాళ్లే బాగా చెప్పారు. వారం తర్వాత అడిగితే, చదివింది చూడకుండా గుర్తుతెచ్చుకుని రాసినవాళ్లు ముందున్నారు. అందుకే కోర్సు అయిన రోజునే పెట్టే క్విజ్‌ని చూసి మోసపోకండి. నేనైతే కోర్సును చివరి పాఠంతో ముగించను. మర్నాడు ఒక ప్రశ్న, వారం తర్వాత ఒక చిన్న ఫైల్, నెల తర్వాత ఇంకోటి ఈమెయిల్‌లోనో యాప్ నోటిఫికేషన్‌గానో వెళ్లేలా పెడతాను. తయారీకి పెద్దగా ఖర్చు కాదు, ఫలితం మాత్రం ఎక్కువ.

6. స్క్రిప్ట్, స్టోరీబోర్డ్

ప్రాక్టీస్ తయారయ్యాక చూస్తే చెప్పాల్సింది ఎంత తగ్గిపోయిందో తెలుస్తుంది. ఏ ఎక్సర్‌సైజుకీ అక్కరకు రాని సమాచారాన్ని తీసేయండి, లేదా అదనపు పేజీలోకి పంపండి. సబ్జెక్ట్ నిపుణులు బాధపడతారు. "ఇది ఏ ఫైల్‌లో పనికొస్తుంది?" అని అడగండి, గొడవ సగం తీరుతుంది.

స్టోరీబోర్డ్‌కి రెండు కాలమ్‌ల టేబుల్ చాలు: ఎడమవైపు తెర మీద కనిపించేది, కుడివైపు వినిపించేది. బొమ్మలు, మాటలు కలిపిన పాఠాల మీద రిచర్డ్ మేయర్ దశాబ్దాలపాటు చేసిన ప్రయోగాల నుంచి వచ్చిన సూత్రాలన్నీ ఈ టేబుల్‌లోనే అమల్లో పెట్టొచ్చు. కుడివైపు వాక్యమే ఎడమవైపు కూడా ఉంటే ఎడమవైపుది కొట్టేయండి. బొమ్మను వివరించే మాట బొమ్మ పక్కనే, అదే క్షణంలో రావాలి. చూడాల్సిన సెల్ చుట్టూ గడి గీయండి. వెనక సంగీతం, తిరిగే లోగో, సంబంధం లేని ఫొటోలు వద్దు.

భాష విషయంలో మనం ముఖ్యంగా జాగ్రత్తపడాలి. మాట్లాడేటప్పుడు చక్కగా చెప్పేవాళ్లు కూడా స్క్రిప్ట్ అనగానే సర్క్యులర్ రాసినట్టు రాస్తారు:

"వీలుకప్ ఫంక్షన్ నందు నాలుగవ ఆర్గ్యుమెంట్ ఐచ్ఛికము. దానిని పేర్కొననిచో సమీప విలువ గ్రహింపబడును."

దీన్నే ఇలా చెప్పండి:

"ఈ వరుస చూడండి. ధర 450 వచ్చింది. లిస్టులో ఎంతుంది? 720. ఎర్రర్ రాలేదు కాబట్టి ఎవరి కంటా పడలేదు. ఫార్ములా తెరుద్దాం. చివర ఏం లేదు? ఫాల్స్ లేదు. అది లేకపోతే ఎక్సెల్ సరిగ్గా అదే కోడ్ కోసం వెతకదు, దగ్గర్లో ఉన్నదాంతో సరిపెట్టుకుంటుంది."

ప్రశ్న వేసిన చోట రెండు మూడు సెకన్లు నిశ్శబ్దం వదలండి. వీలైతే వీడియో ఆగి జవాబు అడిగేలా పెట్టండి.

వీడియో ఎంతసేపుండాలి? ఎడెక్స్ అనే ఆన్‌లైన్ కోర్సుల వేదికలో 69 లక్షల వీక్షణలను పరిశీలించి ఫిలిప్ గ్వో, జూహో కిమ్, రాబ్ రూబిన్ 2014లో ఇచ్చిన ఫలితాల నుంచే, వీడియో ఆరు నిమిషాలు దాటకూడదనే ‘ఆరు నిమిషాల రూల్’ పుట్టింది. వాళ్లు కొలిచింది జనం ఎంతసేపు చూశారన్నది, ఎంత నేర్చుకున్నారన్నది కాదు. కాబట్టి గడియారం చూసి ముక్కలు చేయకండి. ఒక వీడియో తర్వాత ఒక ఎక్సర్‌సైజు చేయగలిగితే అది ఒక ముక్క. అలా కోస్తే చాలావరకు ఆరు నిమిషాల లోపే వస్తాయి.

7. రికార్డింగ్

బొమ్మ ఒక మోస్తరుగా ఉన్నా జనం సర్దుకుంటారు, ఆడియో బాగోకపోతే వదిలేసి వెళ్లిపోతారు. మామూలు మైకైనా నోటికి జానెడు దూరంలో ఉంచి, కర్టెన్లు, పరుపులు ఉన్న గదిలో రికార్డ్ చేస్తే ప్రతిధ్వని తగ్గుతుంది. నోటిఫికేషన్లు ఆపేయండి. షీట్‌ని జూమ్ చేసి, ఫోన్‌లో తెరిచి చూసుకోండి. అక్షరాలు చదవలేకపోతే మళ్లీ రికార్డ్ చేయాల్సిందే.

8. అందరికీ అందాలి

క్యాప్షన్లు ఆఖర్న చేర్చే అలంకారం కాదు. వినికిడి సమస్య ఉన్నవాళ్లకు పాఠమంటే అవే. బస్సులో హెడ్‌ఫోన్స్ లేకుండా చూసేవాళ్లకూ అవే దిక్కు. ఆటోమేటిక్‌గా వచ్చే తెలుగు క్యాప్షన్లను తప్పకుండా దిద్దండి, సాంకేతిక పదాల దగ్గర అవి బాగా తడబడతాయి. మామూలు సైజు అక్షరాలకు, వెనక రంగుకు మధ్య కాంట్రాస్ట్ కనీసం 4.5:1 ఉండాలని డబ్ల్యూసీఏజీ (వెబ్‌లో ఉన్నవి అందరికీ అందేలా చూసే మార్గదర్శకాల) ప్రమాణం చెబుతోంది. "ఎర్రగా ఉన్న సెల్ చూడండి" అని మాత్రమే అనకండి, సెల్ పేరు కూడా చెప్పండి. డేటా తక్కువున్నవాళ్ల కోసం స్క్రిప్ట్‌ని టెక్స్ట్‌గా, ప్రాక్టీస్ ఫైళ్లను విడిగా డౌన్‌లోడ్‌కి పెట్టండి.

9. నలుగురైదుగురితో పైలట్

కోర్సు పూర్తిగా తయారయ్యేదాకా ఆగకండి. ఒక మాడ్యూల్ చిత్తుగా సిద్ధమైతే చాలు, అసలు నేర్చుకునేవాళ్లలోంచి నలుగురైదుగురిని కూర్చోబెట్టండి. మీరు పక్కనే ఉండి మాట్లాడకుండా చూడండి. వాళ్లు ఆగిన చోట, వెనక్కి వెళ్లిన చోట, నిట్టూర్చిన చోట రాసుకోండి. సాయం చేయాలని నోటిదాకా వస్తుంది. ఆ మాట ఏదైతే ఉందో, పాఠంలో లేనిది సరిగ్గా అదే. రాసుకుని పాఠంలో చేర్చండి.

10. విడుదల, ఆ తర్వాత

ఒంటరిగా మొదలుపెట్టిన ఆన్‌లైన్ కోర్సును మధ్యలో వదిలేయడం చాలా తేలిక. కలిసి మొదలుపెట్టే బ్యాచ్, వారం వారం గడువు, డౌట్ అడిగితే ఒక రోజులోపు మనిషి ఇచ్చే జవాబు: ఈ మూడూ ఎంత మంచి వీడియోకైనా సాటిరాని పని చేస్తాయి. బడ్జెట్ తక్కువైతే యానిమేషన్ మానేసి ఆ డబ్బు జవాబులిచ్చే మనిషికి పెట్టమంటాను.

ఫలితాన్ని కొలవడానికి డొనాల్డ్ కిర్క్‌ప్యాట్రిక్ 1959లో ఇచ్చిన నాలుగు స్థాయిలు ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి: నచ్చిందా, నేర్చుకున్నారా, పనిలో వాడుతున్నారా, సంస్థకు ఫలితం కనిపించిందా. చాలా చోట్ల మొదటిదానితోనే ఆగిపోతారు. మూడోదాన్ని కొలవడం అనుకున్నంత కష్టం కాదు. ఆరు వారాలయ్యాక వాళ్లు నిజంగా పంపిన షీట్లు కొన్ని తెరిచి, నాలుగో విలువ, డాలర్ గుర్తులు చూడండి. ఎల్‌ఎమ్‌ఎస్ ఇచ్చే స్కార్మ్ (కోర్సు వివరాలు ఎల్‌ఎమ్‌ఎస్‌కి చేరవేసే ప్రమాణం) రిపోర్టులో ఇది కనిపించదు. అక్కడ తెలిసేది ఎవరు పూర్తిచేశారు, ఎంత స్కోరు వచ్చింది, ఎంతసేపు ఉన్నారు లాంటివే.

క్విజ్ డేటాలో రెండు చోట్ల కన్నేయండి. అందరూ సరిగ్గా చేసే ప్రశ్న మీకేమీ చెప్పడం లేదు. మిగతావన్నీ బాగా చేసినవాళ్లు ఒకే ప్రశ్నలో తప్పుతుంటే, చాలావరకు తప్పు ప్రశ్నదే.

కోర్సు పాతబడటం కూడా ముందే లెక్కలో ఉండాలి. 2019లో మైక్రోసాఫ్ట్ వీలుకప్ పనే చేసే ఎక్స్‌లుకప్ అనే కొత్త ఫంక్షన్‌ను ప్రకటించింది. అందులో పోలిక రకం గురించి ఏమీ ఇవ్వకపోతే సరిగ్గా అదే విలువను వెతుకుతుంది. అంటే కొత్త వెర్షన్ ఉన్నవాళ్లకు మన కోర్సులోని అతి ముఖ్యమైన హెచ్చరిక అవసరం తగ్గింది, కోడ్‌ల చివర స్పేస్ సమస్య మాత్రం అలాగే ఉంది. ముక్కలు చిన్నవిగా, ఒక్కోటి ఒక్కో పనికి కట్టుబడి ఉంటే ఇలాంటప్పుడు ఒక వీడియో, రెండు ఫైళ్లు మారిస్తే సరిపోతుంది. ప్రతి మాడ్యూల్‌కి ఒక బాధ్యుణ్ని పెట్టండి, ఏ వెర్షన్ మీద తయారైందో, మళ్లీ ఎప్పుడు చూడాలో మొదటి పేజీలోనే రాసి ఉంచండి.